ముక్కుదూలము మీది మిట్ట

మొగములోని అవయవములలో ముక్కునకున్నంత ప్రసిద్ధి మఱి దేనికిని లేదు. దాపరికము లేక పలుకువానిని ముక్కుసూటి మనిషి యందుము. ఆశ్చర్యము కలిగినచో ముక్కున వేలు వేసికొందుము. ఊరక చిఱచిఱలాడువారికి కోపము ముక్కుమీదనే యున్నదందుము. మన కవులు స్త్రీల నాసికను సంపెంగమొగ్గతోను, నువ్వుపువ్వుతోను పోల్చి పద్యములు చెప్పిరి. శ్రీకృష్ణదేవరాయల యాస్థానమందలి నంది తిమ్మనగారికి ముక్కును వర్ణించిన పద్యమువలననే ముక్కు తిమ్మన యను పేరు కలిగినదని లోకములో వాడుక. ఇక మన యిండ్లలోని పెద్దలు కోటేరు వంటి ముక్కని మెచ్చుకొనుట అందఱును వినినదే. ఈ మెచ్చుకోలు ఎవరికి దక్కినదో వారికి సంతోషమే. దక్కని బాలికల సంగతి మాత్రము మన మంతగా తలపోయము.

మేము నివసించునది ఖమ్మము సీమలోని మెట్టపొలములు ముగిసి భద్రాచలపు అడవులు మొదలగు చోట. ఇక్కడివారికి ముక్కు కథ మఱింత దగ్గఱిది. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి యొడ్డున, దుమ్ముగూడెము మండలములో పర్ణశాల యున్నది. సీతారామలక్ష్మణులు వనవాసకాలమున నివసించిన కుటీర మదియే యనియు, శూర్పణఖ వచ్చి ముక్కుచెవులు పోగొట్టుకొన్నది అక్కడనే యనియు మా ప్రాంతపువారి నమ్మకము. మహారాష్ట్రములోని నాసికవారు ఆ కథ తమ యూరిలో జరిగినదందురు. ఊరి పేరునే సాక్ష్యముగా చూపుదురు. ఎక్కడ జరిగిన నేమి? ముక్కు కోయుట యనగా ఒక యవయవమును తీసివేయుట మాత్రమే కాదు, నలుగురిలో తలయెత్తుకొనకుండ చేయుట యని పూర్వులెఱుగుదురు. కావుననే అది శిక్షగా ఏర్పడినది. నేడు కత్తి పట్టువారు లేరు గాని, పెండ్లిచూపులనాడు ఒక్క మాటతో ఆ పని చేయువారున్నారు.

మా అక్కగారి కుమార్తె యున్నది. ఎమ్మెస్సీ చదివి పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేయుచున్నది. చామనచాయ, పొడవైన జడ, నెమ్మదియైన మాట. ముక్కుదూలము నడుమ కొంచెము మిట్టగా నుండును. ఇరువది నాలుగేండ్లు వచ్చువఱకు ఆ మిట్టనుగూర్చి ఇంటిలో ఎవరును మాటాడినవారు లేరు. గడచిన మాఘమాసములో ఖమ్మమునుండి ఒక సంబంధమువారు వచ్చి, ఫలహారములు చేసి, పిల్లచేత రెండు మాటలు పలికించుకొని, సంతోషముతోనే వెడలిరి. నాలుగు దినములకు మధ్యవర్తి వచ్చి, "అంతయు బాగున్నదట గాని, పిల్లకు గద్దముక్కని పిల్లవాని తల్లిగారికి మనసొప్పలేదట" అని చెప్పి కాఫీ త్రాగి పోయెను. అమ్మాయి వంటయింటి గుమ్మము వద్దనే నిలిచియుండెను. ఆ మాట విననే వినెను.

ఆనాటినుండి ఆ యింట ముక్కు తప్ప వేఱు ప్రసంగము లేదు. ఒక బంధువు ముక్కునకు తగిలించు ప్లాస్టిక్ క్లిప్పు తెప్పించి పంపెను. వేఱొకతె ఉదయము సాయంకాలము నూనెతో దూలమును నొక్కుమని చెప్పెను. నగరములోని ఒక బ్యూటీపార్లరులో అరగంటలో సూదిమందుతో ముక్కు సరిచేయుదురనియు, వైశాఖములోని ముహూర్తములకు ముందే పని పూర్తియగుననియు ఇంకొకతె ఫోనులో చెప్పెను. మా అక్కగారు సొమ్ము కూర్చుకొని సిద్ధమైరి. అప్పుడు ఆ బాలిక మా యింటికి వచ్చి, "పిన్నీ, వీరందఱు చెప్పునది నిజమా కాదా, నాకు తెలియవలెను. తెలిసిన తరువాతనే ఏ మాటయైనను చెప్పెదను" అనినది. ఆ కోరిక న్యాయమైనది. దానికొఱకు చదివినదియు, హైదరాబాదులో ఒక శస్త్రవైద్యునివద్ద కూర్చుండి వినినదియు ఇచ్చట వ్రాయుచున్నాము. ఇట్టి బాలికలు మా యింట మాత్రమే లేరు గదా.

ముక్కుదూలము పైభాగమున ఎముక, క్రిందిభాగమున మెత్తని మృదులాస్థి యుండును. ఆ రెండును కలియు తావున ఎముకగాని మృదులాస్థిగాని, తఱచుగా రెండును, కొంచె మెక్కువగా పెరిగినచో మిట్ట యేర్పడును. ఇది ఎక్కువగా వంశమునుబట్టి వచ్చునది. యౌవనములో ముక్కు పెరుగు కాలమున బయటపడును. చిన్ననాట పడి దెబ్బ తగిలినను రావచ్చును. ఇది రోగము కాదు. దీనివలన ప్రాణమునకు గాని ఆరోగ్యమునకు గాని కీడు లేదు. కొందఱిలో మాత్రము ముక్కు లోపలి నడిమిగోడ ప్రక్కకు వంగియుండి ఒక రంధ్రమున ఊపిరి సరిగా ఆడదు. అది వేఱు సంగతి; దానికి వైద్యము అవసరము. అందముకొఱకు చేయుదానిని, ఊపిరికొఱకు చేయుదానిని కలిపి చూడరాదు. ఈ రెండింటిలో తమకు కావలసిన దేదియో మొదట తెలిసికొనవలయును.

క్లిప్పులు, నూనెలు, నొక్కుళ్లు ఎముకను కరగింపలేవు. నొక్కి నొక్కి చర్మము కందుట తప్ప ఫలము లేదు. ముఖాలంకారముతో మిట్టకు ఇరుప్రక్కల కొంచెము నీడ, పైని వెలుగు దిద్దిన యెడల ఎదుటివారికి మిట్ట తగ్గినట్లు కనబడును. కడిగిన పోవునది గనుక దానివలన భయము లేదు. మఱియొక సంగతి: సంబంధములకు పంపు ఫోటోలను మన బాలికలు తామే ఫోనుతో చేయిచాచి తీసికొనుచున్నారు. అమెరికాలోని వైద్యులు 2018లో లెక్కగట్టి చూపినదేమనగా, 12 అంగుళముల దూరమునుండి తీసిన ఫోటోలో ముక్కు అడుగుభాగము ఉన్నదానికంటె నూటికి సుమారు 30 వంతులు వెడల్పుగా అగపడును. 5 అడుగుల దూరమునుండి తీసినదానిలో ఈ వికారము ఉండదు. కావున పిల్ల ముక్కును నిందించుటకు ముందు ఫోటోను వేఱొకరిచేత దూరమునుండి తీయించుట మంచిది. ఖర్చు లేని చికిత్సలలో ఇది మొదటిది.

ఇక సూదిమందు. హయలురోనిక్ ఆమ్లమను జిగురు వంటి పదార్థమును మిట్టకు పైనను క్రిందను చర్మములోనికి ఎక్కింతురు. పల్లములు నిండి దూలము తిన్నగా కనబడును. దీనివలన ముక్కు చిన్నది కాదు, నిజముగా కొంచెము పెద్దదే యగును. గీత సరియగుటచేత చూపునకు చిన్నదిగా తోచును. మిట్ట చిన్నదైన వారికే ఇది తగును. ఫలము సుమారు ఒక సంవత్సరము నిలుచును. కొందఱికి ఆఱు నెలలే, కొందఱికి ఏడాదిన్నర. పిదప మఱల చేయించుకొనవలయును. కోత లేదు, కట్టు లేదు, మత్తు లేదు; అరగంటలో లేచి పోవచ్చును. ఈ సౌలభ్యమును చూచియే జనులు దీనిని తలకు నూనె రాచుకొన్నంత తేలికగా తలచుచున్నారు.

అది తప్పు తలంపు. ముక్కునకు రక్తము తెచ్చు నాళములు సన్ననివి. వానిలో కొన్ని కంటికి రక్తము తెచ్చు నాళములతో కలిసియుండును. సూదిమొన పొరపాటున నాళములోనికి దిగినచో, ఆ జిగురు రక్తమును అడ్డగించును. చర్మము తెల్లబడి, పిమ్మట నల్లబడి, చచ్చిపోవచ్చును. కంటి నాళమునకు అడ్డుపడినచో చూపు పోవును. ఆ పోయిన చూపు తిరిగివచ్చుట మిక్కిలి అరుదు. ఇట్టివి తఱచుగా జరుగవు గాని, మొగమున సూదిమందులకు అపాయకరములైన చోట్లలో ముక్కు ఒకటియని వైద్యులే చెప్పుచున్నారు. ఇదివఱకు శస్త్రచికిత్స జరిగిన ముక్కునకు ఈ భయము ఇంకను ఎక్కువ. హయలురోనిడేస్ అను విఱుగుడు మందు కలదు. అది ఆ జిగురును కరగించును. అయితే చర్మమునకైనచో కొలది గంటలలోను, కంటికైనచో అంతకంటె మిక్కిలి త్వరగాను ఈయవలెను.

ఇచ్చటనే మా ప్రాంతపు స్త్రీలు ఆగి ఆలోచింపవలయును. భద్రాచలమునుండి హైదరాబాదు సుమారు 310 కిలోమీటర్లు. భద్రాచలం రోడ్డు అను రైలుస్టేషను ఉన్నది కొత్తగూడెములో. అక్కడికి పోవుటకే 40 కిలోమీటర్లు బస్సులో పోవలెను. వానకాలములో గోదావరి పొంగినచో ఆ దారియు నిశ్చయము కాదు. నగరములో ఉదయము సూదిమందు వేయించుకొని, రాత్రి బస్సులో ఇల్లు చేరి, తెల్లవాఱుజామున ముక్కు నొప్పిపుట్టి రంగు మాఱినచో ఆ బాలిక ఎవరియొద్దకు పోవును? సూది వేసిన పార్లరులో ఆ సమయమున ఫోను ఎత్తువారెవరు? నగరవాసినికి తేలికయైనది అడవిదాపున నుండువారికి తేలిక కాదు. చేయించుకొనుటకే నిశ్చయించినచో, విఱుగుడు మందు చేతనుంచుకొన్న అర్హుడైన వైద్యునివద్దనే చేయించుకొనవలయును. రెండు మూడు దినములైనను ఆ యూరిలోనే ఉండవలయును. నొప్పి, తెల్లదనము, చూపు మసక, ఈ మూడింటిలో ఏది కనబడినను క్షణమైనను ఆలసింపరాదు. పార్లరువారిచేత మాత్రము ఎన్నటికిని వలదు.

శస్త్రచికిత్స మాట వచ్చునప్పటికి మన పెద్దలు ఇది దొరల విద్య యని భయపడుదురు. నిజమునకు ముక్కు సరిచేయు విద్య మనదే. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో మఱల కట్టు విధము సుశ్రుతసంహితలో వివరింపబడి యున్నది. 1792 నాటి యుద్ధములో ఇంగ్లీషు సైన్యమునకు ఎడ్లబండి తోలు కావస్‌జీ అను వానిని టిప్పుసుల్తాను సైనికులు పట్టుకొని ముక్కును ఒక చేతిని కోసిరి. పుణె దగ్గఱ ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒక వైద్యుడు నుదుటి చర్మము దించి వానికి ముక్కు కట్టెను. ఆ సంగతి 1794లో లండనులోని ఒక పత్రికలో బొమ్మతోకూడ అచ్చుపడినది. దానిని చదివి కార్ప్యూ అను శస్త్రవైద్యుడు 1814లో లండనులో ఆ విధముననే చికిత్స చేసెను. అటుపిమ్మటనే ఈ విద్య ఐరోపాలో వ్యాపించినది.

పోయిన ముక్కును కట్టుట మనది గాని, ఉన్న ముక్కును అందముకొఱకు తగ్గించుట మాత్రము తరువాతిది. అమెరికాలో రో అను వైద్యుడు 1891లో, పైకి మచ్చ కనబడకుండ ముక్కు లోపలినుండియే మిట్టను తీసిన విధమును ప్రకటించెను. 1898లో బెర్లినులో జోసెఫ్ అను వైద్యుడు 28 ఏండ్ల యువకుని పెద్ద ముక్కును తగ్గించెను. ఆ యువకునికి వేఱే జబ్బు లేదు. జనులు తేఱిపాఱ చూతురని వీథిలోనికి పోవుటకే వెఱచెడివాడట. అతని మనోవ్యథయు వైద్యము చేయదగినదే యని జోసెఫ్ తోడివైద్యుల సభలో వాదించెను. ఆ వాదము మాకును సమ్మతమే. వ్యథ నిజముగా ఆ మనిషిదైనచో దానిని చులకన చేయరాదు.

నేటి శస్త్రచికిత్స ఇట్లుండును. మత్తుమందిచ్చి, ముక్కురంధ్రముల లోపలనుండి గాని, రెండు రంధ్రముల నడుమ చిన్న కోతతో గాని లోనికి పోవుదురు. మృదులాస్థిని కత్తితోను, ఎముకను ఉలితోగాని ఆకురాతితోగాని తగ్గింతురు. ఈమధ్య ధ్వనితరంగములతో పనిచేయు పరికరములును వచ్చినవి. మిట్ట తీసినంతనే పని ముగియదు. పెంకుటింటి కొప్పు తీసివేసినచో పైని సందు ఏర్పడినట్లు, దూలము పైభాగము తెఱచికొని చదునుగా నుండును. కావున ఇరుప్రక్కల ఎముకలను కోసి దగ్గఱకు జరుపుదురు. కొందఱు వైద్యులు కొప్పును తాకక, గోడలను తగ్గించి కప్పునంతటిని క్రిందికి దించు పద్ధతి నవలంబించుచున్నారు. ఏది యెవరికి తగునో ముక్కును చూచి వైద్యుడే చెప్పవలయును.

తరువాత సుమారు ఒక వారము ముక్కుపై గట్టి కట్టు. కండ్ల చుట్టు కమిలి నల్లబడుట, వాపు రెండు వారములు. కొన్ని వారములపాటు దూలముపై కండ్లజోడు మోపరాదు, బరువు లెత్తరాదు. ముక్కుపుడక ముందే తీయవలెను. వైద్యుడు సరే యనిన తరువాతనే మఱల పెట్టుకొనవలయును. లోపలి వాపు పూర్తిగా తగ్గి అసలు రూపము తేలుటకు ఒక సంవత్సరము పట్టును. వైశాఖములో పెండ్లియని ఫాల్గుణములో చేయించుకొనువారు ఈ మాట మఱవరాదు. నూటికి 5 మొదలు 15 మంది వఱకు మఱల చిన్న చికిత్స కావలసి వచ్చుననియు, కొందఱికి ఊపిరాడుటలో ఇబ్బంది కలుగవచ్చుననియు వైద్యులే చెప్పుదురు. ముక్కు పెరుగుదల ముగియక మునుపు, అనగా బాలికలకు పదునైదు పదునాఱేండ్లు నిండకముందు, అందముకొఱకు దీనిని చేయరు. చేయు వైద్యుడు ప్లాస్టిక్ సర్జరీలో గాని, చెవి ముక్కు గొంతు విద్యలో గాని పట్టము పొందినవాడై, ముక్కు పనిలో అనుభవము కలవాడై యుండవలయును. అందముకొఱకు చేయు చికిత్సకు ఆరోగ్య బీమాలు సాధారణముగా సొమ్మీయవు.

ఇది చేయించుకొని సుఖించినవారు లేకపోలేదు. మా వీథిలోని ఒక గృహిణి కొన్నియేండ్ల క్రిందట మోటారుసైకిలుపైనుండి పడి ముక్కు విఱుగగొట్టుకొన్నది. దూలము మిట్టయై వంకరపోయెను; ఒక రంధ్రము మూసుకొనినట్లయి రాత్రులు నోటితో ఊపిరి పీల్చెడిది. ఆమె శస్త్రచికిత్స చేయించుకొన్నది. నడిమిగోడను, మిట్టను ఒక్కసారియే సరిచేసిరి. మొదటి నెలలో అద్దము చూచుకొని ఏడ్చినది. ఏడాది నాటికి తృప్తిపడినది. "అందము మాట అటుండనిండు, వదినా, రాత్రి నిద్రపట్టుచున్నది. అది చాలును" అని ఆమె మాతో చెప్పినది. అక్కఱ యేమో ఆమెకు ముందే తెలియును గనుక ఫలము చూచుకొనగలిగినది.

మా అక్కగారి బాలికను వైద్యునివద్దకు తీసికొనిపోయినప్పుడు ఆయన ముక్కును లోపల బయట చూచి, "ఊపిరికి లోపము లేదమ్మా. ఈ మిట్ట నిన్ను ఎన్నియేండ్లుగా బాధించుచున్నది?" అని అడిగెను. అమ్మాయి వ్రేళ్లతో లెక్కించి, "మూడు నెలలనుండి, డాక్టరుగారూ" అనినది. ఆయన నవ్వలేదు. చిన్ననాటినుండి బాధపడుచు, కావలసినదేదో స్పష్టముగా చెప్పువారికి ఈ చికిత్సవలన తృప్తి కలుగునని, ఇతరుల మాటకై వచ్చువారికి తఱచు కలుగదని నెమ్మదిగా చెప్పెను. ఇంకొక సంగతియు చెప్పెను. కనబడీ కనబడని లోపమును దినమంతయు అద్దములో వెదకుచు కుమిలిపోవు ఒక మనోవ్యాధి కలదట. సామాన్యులలో నూటికి సుమారు ఇద్దఱికుండు ఈ వ్యాధి ముక్కు మార్పించుకొన వచ్చువారిలో అంతకంటె ఎక్కువగా కనబడునట. అట్టివారికి కావలసినది శస్త్రము కాదు, మనోవైద్యము.

తిరుగుబస్సులో మా అక్కగారు మూతి ముడుచుకొని కూర్చుండిరి. అమ్మాయి తల్లి చేయి పట్టుకొని, "అమ్మా, రెండేండ్లు నా జీతములో కొంత దాచుకొందును. అప్పటికిని నాకు కావలయుననిపించినచో ఏడాది కాలము చేతిలో పెట్టుకొని నేనే పోయి చేయించుకొందును. ఎవరో చూచుటకు వచ్చుచున్నారని మాత్రము చేయించుకొనను. ఇకమీద వచ్చువారికి నా ప్రక్కచూపు ఫోటోకూడ ముందే పంపుము" అనినది. మా అక్కగారికి ఆ మాట నేటికిని పూర్తిగా రుచింపలేదు. ఫోటో మాత్రము పంపుచున్నారు. ఆ పిల్ల ముక్కు ఏమగునో మేము చెప్పజాలము. నిశ్చయము ఆమెది, గడువును ఆమెదే. మాకు సంతోషమైనది ఇదే.

సోదరీమణులారా! మీ యింట ఇట్టి ప్రసంగము వచ్చినచో మొదట బాలికనే అడుగుడు, బంధువులను పిమ్మట. ఊపిరి సరిగా ఆడుచున్నదో లేదో చూపింపుడు. ముహూర్తమునకు ముక్కును ముడిపెట్టకుడు. సూదిమందైనను శస్త్రమైనను అపాయము వచ్చినచో ఎంతసేపటిలో ఎవరియొద్దకు చేరగలరో లెక్క చూచుకొనుడు. కోడండ్రను వెదకు తల్లులకును ఒక మనవి. సంబంధము నచ్చకపోవుట మీ స్వాతంత్ర్యము; దానికెవరును అడ్డు చెప్పరు. "మాకు సమ్మతము కాలేదు" అని మధ్యవర్తితో చెప్పి పంపిన చాలును. ముక్కు మాట, రంగు మాట, ఎత్తు మాట దానికి జోడింపకుడు. ఆ మాట చెప్పినవారు మఱునాటికి మఱచిపోవుదురు. గుమ్మము వద్ద నిలిచి వినిన బాలిక మఱవదు.